గ్యారేజీలో చిల్లర్, గోడ అవతల పడకగది

డల్లాస్ పక్కన ఫ్రిస్కో, ప్లేనో లాంటి ఊళ్లలో మనవాళ్లు కొనుక్కునే ఇళ్ల తీరు చాలామందికి తెలిసిందే. రెండు కార్ల గ్యారేజీ, దాని గోడకు ఆనుకునో, దాని మీదనో ఒక పడకగది. ఆ గ్యారేజీ మూలలో శని, ఆదివారాలు బీరు కాచుకునే సరదా ఉన్నవాళ్లు మనలోనూ ఉన్నారు. వాళ్ల కొనుగోళ్లు దాదాపు ఒకే వరసలో సాగుతాయి. ముందు ప్లాస్టిక్ బకెట్, తర్వాత అడుగు గరాటులా ఉండే స్టీలు ఫర్మెంటర్, అంటే బీరు పులిసే పాత్ర, ఆ తర్వాత దాన్ని చల్లబరచడానికి గ్లైకాల్ చిల్లర్ అనే మిషన్. చిల్లర్ ఇంటికొచ్చిన వారంలోపే మొదటి ఫిర్యాదు వస్తుంది. "ఏమండీ, రాత్రి రెండింటికి గోడంతా ఆ దడ ఏంటి? ఆపుతారా, నన్ను ఆపమంటారా?"

అందుకే కొత్తగా కొనేవాళ్లు అడిగే మొదటి మాట: "అన్నిట్లోకీ తక్కువ చప్పుడు చేసేది ఏ కంపెనీది?" నన్నడిగితే, ఈ ప్రశ్నకు ఈ రూపంలో జవాబు లేదు. ఒకే మోడల్ ఒకరింట్లో ఉన్నట్టే తెలియదు, ఇంకొకరింట్లో నిద్ర పట్టనివ్వదు. మిషన్ ఎంత గట్టిగా మోగుతుందన్నది సగం సంగతే. అది రాత్రికి ఎన్నిసార్లు ఆన్ అవుతుంది, ఎంతసేపు ఆడుతుంది, ఎక్కడ పెట్టి ఆడిస్తున్నాం అన్నది మిగతా సగం. ఈ రెండో సగం కంపెనీ చేతుల్లో లేదు, మన చేతుల్లోనే ఉంది. అది తేలాలంటే డెసిబెల్స్ కంటే ముందు వేడి లెక్క వేసుకోవాలి.

అసలు చల్లదనం ఎందుకు

ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాలు, కార్బన్ డయాక్సైడ్ ఇస్తుంది. దాంతోపాటు వేడి కూడా పుట్టిస్తుంది. ఏల్ రకం బీర్లకు 18 నుంచి 20 డిగ్రీల సెల్సియస్, లాగర్ రకాలకు 8 నుంచి 12 డిగ్రీలు నప్పుతాయి. వేడి అంతకు మించితే ఈస్ట్ పని ఆపదు, ఇంకా జోరుగా చేస్తుంది. ఆ జోరులో ఘాటైన ఆల్కహాళ్లు, అరటిపండు వాసన వచ్చే ఎస్టర్లు ఎక్కువగా పుడతాయి. మన ఊళ్లలో తాటికల్లు పొద్దున తియ్యగా ఉండి సాయంత్రానికి పులిసి నషాలానికి ఎక్కడం అందరికీ తెలుసు. ఎండ ఎలా నడిపిస్తే అలా నడుస్తుంది అది. బీరు కాచేవాళ్లు పట్టుబట్టేది సరిగ్గా ఆ పగ్గం కోసమే. పులియడం అయిపోయాక మడ్డి అడుగుకు దిగేందుకు బీరును 1, 2 డిగ్రీల దాకా దింపుతారు. దాన్నే కోల్డ్ క్రాష్ అంటారు. చిల్లర్‌కు అసలు పరీక్ష అక్కడే.

ఈ అవసరం కొత్తదేమీ కాదు. జర్మనీలో కార్ల్ ఫాన్ లిండే 1870ల్లో తన శీతలీకరణ యంత్రాన్ని రూపొందించినప్పుడు, దాన్ని ముందుగా పరీక్షించడానికి చోటిచ్చింది మ్యూనిక్‌లోని స్పాటెన్ బ్రూవరీ. అంతకుముందు లాగర్ కావాలంటే చలికాలంలో కోసిన మంచుగడ్డలు, నేలమాళిగలు తప్ప దిక్కు లేదు. అంటే ఇవాళ మన వంటింట్లో ఉన్న ఫ్రిజ్ వంశవృక్షంలో బీరు ఫ్యాక్టరీకి ఒక పెద్ద కొమ్మే ఉంది.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. అమెరికాలో ఇంట్లో బీరు కాచుకోవడానికి ఫెడరల్ స్థాయిలో దారి తెరిచింది 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం. ఇంట్లో ఒక్కరే పెద్దవాళ్లుంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువమంది ఉంటే 200 గ్యాలన్లు. అమ్మకూడదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారు చేయడం ఎక్సైజ్ చట్టం కింద నేరం. కాబట్టి అక్కడ గ్లైకాల్ చిల్లర్ చూడాలంటే లైసెన్సున్న మైక్రోబ్రూవరీకి వెళ్లాల్సిందే. ఈ వ్యాసం అక్కడి ఇళ్ల కోసం కాదు.

ఒక్క ఫర్మెంటరే ఉంటే

గ్లైకాల్ చిల్లర్ అంటే లోపల గ్లైకాల్ (సున్నా కిందా గడ్డకట్టనివ్వని ద్రవం) కలిపిన నీళ్ల తొట్టి, దాన్ని చల్లబరిచే కంప్రెసర్, ఆ చల్లటి ద్రవాన్ని గొట్టాల్లో తిప్పే పంపు. ఫర్మెంటర్ లోపల స్టీలు చుట్ట ఉంటుంది. బీరు వేడెక్కగానే కంట్రోలర్ పంపును ఆన్ చేస్తుంది, చల్లటి గ్లైకాల్ చుట్టలో తిరిగి తొట్టిలోకి తిరిగొస్తుంది. నాలుగు ఫర్మెంటర్లున్నా ఒక్క చిల్లర్ చాలు, ఒక్కోదాన్ని ఒక్కో ఉష్ణోగ్రతలో ఉంచొచ్చు. గ్రెయిన్‌ఫాదర్ జీసీ4, ఎస్ఎస్ బ్రూటెక్ చిల్లర్లు, పెంగ్విన్ చిల్లర్లు, ఐస్‌మాస్టర్ అన్నీ ఈ సూత్రం మీదే పనిచేస్తాయి.

మీకున్నది ఒక్క ఫర్మెంటరే అయితే, నిశ్శబ్దమే ముఖ్యమైతే, చిల్లర్ కొనకండి. పాత ఫ్రిజ్ గానీ, చెస్ట్ ఫ్రీజర్ గానీ తెచ్చి దానికి బయట ఒక ఉష్ణోగ్రత కంట్రోలర్ తగిలించి, ఫర్మెంటర్‌ను ఏకంగా లోపల కూర్చోబెట్టండి. ఫ్రిజ్ కంప్రెసర్ చిన్నది, మందమైన ఫోమ్ గోడలు వేడిని లోపలికి రానివ్వవు, ఫ్రిజ్‌ను తయారుచేసేదే వంటగదిలో మనుషుల మధ్య ఉండేందుకు. గ్లైకాల్ చిల్లర్‌కు ఆ మర్యాద నేర్పినవాళ్లు తక్కువ. ధరలో కూడా పోలిక లేదు. ఫ్రిజ్‌లో పట్టనంత పొడవైన ఫర్మెంటర్ ఉన్నప్పుడు, రెండు మూడు రకాలు ఒకేసారి వేర్వేరు చలిలో కావాల్సినప్పుడు చిల్లర్ అవసరం నిజంగా వస్తుంది. ఇక్కణ్ణుంచి చెప్పేది వాళ్ల కోసం.

వేడి ఎక్కణ్ణుంచి వస్తోంది

చాలామంది అనుకునేది, పులిసే బీరు బోలెడు వేడి పుట్టిస్తుందని, దాన్ని అణచడానికి పెద్ద మిషన్ కావాలని. లెక్క వేస్తే నవ్వొస్తుంది. ఒక కిలో చక్కెరలు పులిస్తే సుమారు 587 కిలోజౌళ్ల వేడి వస్తుంది. 5 గ్యాలన్ల, అంటే 19 లీటర్ల మామూలు బీరులో పులిసేది ఒకటిన్నర కిలో చక్కెరలు. మొత్తం దాదాపు 900 కిలోజౌళ్లు, అదీ కొన్ని రోజుల మీద. జోరుగా నురగ కక్కుతున్నప్పుడు కూడా అది పది వాట్ల చుట్టుపక్కలే. చిన్న ఎల్ఈడీ బల్బు తీసుకునేంత.

మరి చిల్లర్‌ను పరిగెత్తించేది ఏది? గ్యారేజీ. టెక్సస్ ఎండాకాలంలో మూసిన గ్యారేజీలో 35 డిగ్రీలు మామూలు మాట. ఫర్మెంటర్‌కు తొడిగే పల్చటి నియోప్రీన్ జాకెట్ ఒక్కో డిగ్రీ తేడాకు దాదాపు 2 వాట్ల వేడిని లోపలికి వదులుతుందని నా ఉజ్జాయింపు. బీరు 19 డిగ్రీల్లో ఉంటే తేడా 16, అంటే 32 వాట్లు. ఈస్ట్ పుట్టించే దానికి మూడింతలు గోడల్లోంచే వస్తోంది. కోల్డ్ క్రాష్‌లో బీరు 1 డిగ్రీకి దిగితే తేడా 34, వేడి 68 వాట్లు. బీరును 12 గంటల్లో 19 నుంచి 1కి దింపడానికి అసలు పట్టే చలి 33 వాట్లే. అంటే చల్లబరచడం కంటే చల్లగా నిలబెట్టడమే పెద్ద పని.

ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది. తొట్టిలో గ్లైకాల్ సున్నాకు 2 డిగ్రీల కింద ఉండి, బీరు 1 డిగ్రీకి రావాలంటే, చివర్లో రెండింటి మధ్య తేడా 3 డిగ్రీలే మిగులుతుంది. అంత చిన్న తేడాతో 68 వాట్లు లాగేంత విస్తీర్ణం ఆ స్టీలు చుట్టకు ఉండదు. పైగా 4 డిగ్రీల దగ్గర నీటి సాంద్రత గరిష్ఠం, బీరుకు ఆ స్థానం ఇంకాస్త కింద. అంతవరకూ చుట్ట పక్కన చల్లబడ్డ బీరు కిందికి దిగుతూ మిగతాదాన్ని కలియబెడుతుంది. ఆ స్థానం దగ్గరకు రాగానే ఆ కదలిక దాదాపు ఆగిపోతుంది. అందుకే బీరు 4, 5 డిగ్రీల దగ్గర మొండికేస్తుంది. చిల్లర్ మాత్రం రాత్రంతా ఆడుతూనే ఉంటుంది. యజమాని ఏమనుకుంటాడు? మిషన్ చిన్నదైపోయింది, ఇంకా పెద్ద హార్స్‌పవర్ కొనాలి అనుకుంటాడు. కొంటాడు కూడా. బీరు అక్కడే ఉంటుంది, చప్పుడు మాత్రం పెరుగుతుంది.

దీనికి మందు చవకైనది. జాకెట్ మీద ఒక అంగుళం మందం ఫోమ్ చుట్టండి, మూత మీద కూడా. డిగ్రీకి 2 వాట్లు ఉన్నది అర వాటుకు పడిపోతుంది. ఆ 68 వాట్లు 17 అవుతాయి. బీరు కిందికి దిగుతుంది, కంప్రెసర్ విశ్రాంతి తీసుకుంటుంది. చిల్లర్ చప్పుడు తగ్గించడానికి నాకు తెలిసిన మొదటి ఉపాయం చిల్లర్‌ను ముట్టుకోనిది. గ్లైకాల్ గొట్టాలకు కూడా ఇదే వర్తిస్తుంది. ఫోమ్ తొడుగు లేని గొట్టం మీద నీటిబొట్లు కనిపిస్తున్నాయంటే, అక్కడ మీ చలి గాల్లో కలిసిపోతోందని అర్థం.

నిద్ర చెడగొట్టేది ఆన్, ఆఫ్

సన్నటి, ఆగని ఫ్యాన్ చప్పుడుకు చెవి అలవాటు పడిపోతుంది. మనల్ని లేపేది మార్పు. కంప్రెసర్ మొదలైనప్పుడు ఒక "దబ్", ఆగినప్పుడు లోపలి మోటారు స్ప్రింగుల మీద ఊగి చివరి కుదుపు. కాబట్టి గంటకు ఎన్నిసార్లు మొదలవుతుందో చూద్దాం.

రెండు ఫర్మెంటర్లు, గొట్టాలు, పంపు, తొట్టి గోడలు అన్నీ కలిపి 130 వాట్ల వేడి అనుకుందాం. చిల్లర్ 700 వాట్లు లాగగలదు. తొట్టి 15 లీటర్లు, కంట్రోలర్ తేడా 2 డిగ్రీలు పెట్టాం. అంటే గ్లైకాల్ 2 డిగ్రీలు వేడెక్కేదాకా కంప్రెసర్ ఆగి ఉంటుంది. ఆ 2 డిగ్రీలు ఎక్కడానికి 15 నిమిషాలు, దించడానికి 3 నిమిషాలకు కాస్త పైన. 18 నిమిషాలకొకసారి "దబ్". 8 గంటల నిద్రలో సుమారు 26 సార్లు.

ఇప్పుడు తొట్టి 30 లీటర్లు చేసి, తేడా 4 డిగ్రీలు పెట్టండి. ఆగి ఉండేది దాదాపు గంట, ఆడేది 13 నిమిషాలు. రాత్రి మొత్తంలో ఆరేడు సార్లు. మిషన్ అదే, దాని డెసిబెల్స్ అవే. బీరుకు ఏమవుతుంది? ఏమీ కాదు. ఎందుకంటే బీరు ఉష్ణోగ్రతను నిలబెట్టేది ఫర్మెంటర్ దగ్గరున్న కంట్రోలర్, పంపు. తొట్టిలో గ్లైకాల్ నాలుగు డిగ్రీలు అటూ ఇటూ ఊగినా బీరుకు తెలియదు. తొట్టిని కచ్చితంగా పట్టి ఉంచాలని కంట్రోలర్‌లో తేడా అర డిగ్రీకి తగ్గించేవాళ్లున్నారు. బీరుకు అక్కరలేని ఆ కచ్చితత్వం కోసం వాళ్లు నిద్ర చెల్లిస్తున్నారు.

అందుకే కొనేటప్పుడు హార్స్‌పవర్ కంటే నేను ముందు చూసేవి తొట్టి ఎంత పెద్దది, ఆ తేడా మనం మార్చుకోగలమా అన్నవి. కొన్నిట్లో అది ఫ్యాక్టరీలోనే బిగించేసి ఉంటుంది. తొట్టి చిన్నదైతే పక్కన ఒక ఐస్ పెట్టెలో అదనపు గ్లైకాల్ పోసి తొట్టితో కలిపి తిప్పుకునే దారి ఉంది, కాకపోతే దానికి ఇంకో పంపు కావాలి.

పెద్ద హార్స్‌పవర్ ఈ లెక్కలో ఎలా దెబ్బతీస్తుందో గమనించారా? తొట్టి అంతే ఉండి శక్తి రెట్టింపైతే అది ఆడే సమయం సగమవుతుంది, మొదలయ్యే సార్లు మాత్రం తగ్గవు. పైగా ప్రతిసారీ ఇంకా పెద్ద కంప్రెసర్ లేస్తుంది. ఇంటికి, రెండు మూడు 5 గ్యాలన్ల ఫర్మెంటర్లకు మూడో వంతు హార్స్‌పవర్ ధారాళంగా సరిపోతుంది. హార్స్‌పవర్ అన్నది కంప్రెసర్ మోటారు సైజు, అది లాగే వేడి కాదు. లాగే వేడిని అమెరికాలో గంటకు బీటీయూల్లో చెబుతారు, 3.4 బీటీయూలు ఒక వాట్. ఆ అంకె ఏ ఉష్ణోగ్రత దగ్గరిదో తప్పకుండా అడగాలి. తొట్టి 10 డిగ్రీల్లో ఉన్నప్పుడు లాగినంత, మైనస్ 3 దగ్గర అదే కంప్రెసర్ లాగలేదు, బాగా తగ్గిపోతుంది. గ్యారేజీ వేడెక్కినా తగ్గుతుంది. ఏల్స్ పులిసేటప్పుడు తొట్టిని మైనస్‌లో పెట్టడం దండగ. 8, 10 డిగ్రీల్లో ఉంచి, కోల్డ్ క్రాష్ రోజున మాత్రమే కిందికి దింపితే కరెంటూ మిగులుతుంది, చప్పుడూ తగ్గుతుంది.

డెసిబెల్ అంకెను నమ్మొచ్చా

"కేవలం 50 డెసిబెల్స్" అని ప్రకటన. ఎంత దూరంలో? ఒక మీటరు దగ్గరా, మూడు మీటర్ల దగ్గరా? ఆరుబయట దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ తగ్గుతుంది కాబట్టి, దూరం చెప్పని అంకెకు విలువ లేదు. 10 డెసిబెల్స్ తేడా మన చెవికి రెట్టింపులా అనిపిస్తుంది. రాత్రి పడకగదిలో 30 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 మార్గదర్శకాలు చెప్పాయి. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాల్లో రాత్రికి 45 దాకా ఒప్పుకుంటాయి, అయితే అది ఇంటి బయట.

అసలు మోసం ఆ అంకె పక్కన తరచూ ఉండే "ఏ" అక్షరంలో, అంటే డీబీఏలో, ఉంది. డీబీఏ అంటే మనిషి చెవికి తగ్గట్టు సవరించిన కొలత. సన్నటి మధ్యస్థ స్వరాలను పూర్తిగా లెక్కపెట్టి, బొంగురు స్వరాలకు మార్కులు కోస్తుంది. 125 హెర్ట్జ్ దగ్గర 16 డెసిబెల్స్ కోత. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి, అక్కడి కంప్రెసర్ హమ్ సరిగ్గా 120 హెర్ట్జ్ దగ్గరే ఉంటుంది. అంటే కాగితం మీద తక్కువగా కనిపించేదే గోడల్ని దాటి మంచం దాకా వచ్చే చప్పుడు. ఫ్యాన్ గాలి హోరు డీబీఏలో ఎక్కువగా లెక్కకొస్తుంది, కానీ గోడ దాన్ని సులువుగా ఆపేస్తుంది. గ్యారేజీలో పెట్టేవాళ్లు ఫ్యాన్ హోరును పెద్దగా పట్టించుకోనక్కర్లేదు, కంప్రెసర్ హమ్‌ను పట్టించుకోవాలి. అపార్ట్‌మెంట్‌లో, హాల్లోనే పెట్టుకోక తప్పనివాళ్లకు ఇది తిరగబడుతుంది.

120 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు దాదాపు 2.9 మీటర్లు, గది కొలతలకు దగ్గర. అందుకే ఆ హమ్ గదిలో ఒకచోట పోగై, ఇంకోచోట మాయమవుతుంది. దిండు దగ్గర మోగుతున్నది తలుపు దగ్గర నిలబడితే వినపడకపోవచ్చు. "నాకేం వినపడట్లేదే" అనే భర్త, "నాకు నిద్ర లేదు" అనే భార్య ఇద్దరూ నిజమే చెబుతుండొచ్చు. మంచాన్ని గానీ, చిల్లర్‌ను గానీ రెండు మూడు అడుగులు జరిపి చూడటం ఖర్చు లేని పరీక్ష.

చేత్తో నొక్కి చూడండి

చిల్లర్ ఆడుతుండగా దాని పక్క రేకు మీద అరచెయ్యి ఆనించి గట్టిగా నొక్కండి. చప్పుడు మారితే తప్పు కంప్రెసర్‌ది కాదు, వదులుగా ఉన్న రేకుది. స్క్రూ బిగించి, లోపలివైపు ఒక తారు షీటు అంటిస్తే సగం గొడవ పోతుంది. కరెంటు తీసేసి మూత విప్పితే, కంప్రెసర్ నుంచి వచ్చే రాగి గొట్టం ఎక్కడైనా రేకుకు తగులుతోందేమో కనిపిస్తుంది. తగులుతుంటే మధ్యలో ఒక రబ్బరు ముక్క. గొట్టాన్ని వంచడానికి మాత్రం చూడకండి, పగిలితే గ్యాస్ పోతుంది.

తర్వాత కాళ్లు. సిమెంటు నేల మీద కంపనం పెద్దగా పాకదు. చెక్క నేల మీద, ముఖ్యంగా పై అంతస్తులో, చిల్లర్ నేలనే మోగిస్తుంది. మందపాటి రబ్బరు దిమ్మెలు ఇక్కడ పనిచేస్తాయి. గోడకు మాత్రం ఆనించకూడదు. గొట్టాల్ని గోడకు క్లిప్పులతో గట్టిగా బిగించినా పంపు వణుకు గోడలోకి వెళ్తుంది.

గ్లైకాల్ తిరిగొచ్చే గొట్టం కొస తొట్టిలో ద్రవం మట్టానికి పైన వేలాడుతుంటే, పంపు ఆడినంతసేపూ గలగలమని పడుతుంటుంది. చాలామంది దాన్ని మిషన్ లోపం అనుకుంటారు. కొసను మట్టం కిందికి ముంచితే ఆ చప్పుడు ఆగిపోతుంది. తొట్టిలో మునిగి ఉండే పంపులు బయట బిగించినవాటి కంటే తక్కువ చప్పుడు చేస్తాయి.

ఫ్యాన్ విషయంలో ఒక్క సూత్రం గుర్తుంటే చాలు. వేగం సగానికి తగ్గితే చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది. కాబట్టి పెద్ద ఫ్యాన్ నెమ్మదిగా తిరిగే మోడల్, చిన్న ఫ్యాన్ వేగంగా తిరిగేదానికంటే ఎప్పుడూ మేలు. కండెన్సర్ రేకుల్లో దుమ్ము, కుక్క బొచ్చు పేరుకుంటే చల్లబరచడానికి ఎక్కువసేపు ఆడాలి. నెలకోసారి వాక్యూమ్ పెడితే చాలు.

పెట్టెలో పెట్టి మూసేస్తే?

అందరికీ వచ్చే ఆలోచన ఇది. ప్లైవుడ్ పెట్టె చేసి, లోపల గుడ్ల అట్టల్లాంటి ఫోమ్ అంటించి, చిల్లర్‌ను అందులో దాచడం. ఆ అంగుళం ఫోమ్ 120 హెర్ట్జ్‌ను ఆపలేదు. అది ఆపేది ఫ్యాన్ హోరును. ఇంకా పెద్ద చిక్కు వేడి. బీరు నుంచి లాగిన 700 వాట్లు, కంప్రెసర్ తిన్న కరెంటు ఓ 500 వాట్లు, రెండూ కలిసి 1200 వాట్లు ఆ వెనకవైపు నుంచి బయటికి రావాలి. మూసిన పెట్టెలో రూమ్ హీటర్ పెట్టినంత పని. లోపల వేడి పెరిగేకొద్దీ కంప్రెసర్ శక్తి తగ్గుతుంది, ఆడే సమయం పెరుగుతుంది, చివరికి సేఫ్టీ స్విచ్ కొట్టేసి ఆగిపోతుంది. క్లోజెట్‌లో పెట్టి తలుపు వేయడం కూడా ఇంతే. చిల్లర్‌లో చల్లబరిచే గ్యాస్ ఆర్290 అయితే అది ప్రొపేన్, మండే వాయువు. గాలాడని ఇరుకు చోటు దానికి అసలు పనికిరాదు.

దూరం మాత్రం నిజంగా పనిచేస్తుంది. చిల్లర్‌ను గ్యారేజీలో పడకగదికి ఆనని గోడ వైపు, వీలైతే బయటి గోడ దగ్గర పెట్టి, ఫోమ్ తొడిగిన గొట్టాలతో ఫర్మెంటర్ల దాకా రావడం. పది మీటర్ల గొట్టంలో కొంత చలి పోతుంది, పంపు కూడా దానికి తగ్గది కావాలి. చిల్లర్ ఫర్మెంటర్ల కంటే కింద ఉంటే పంపు ఆగగానే గొట్టాల్లోని గ్లైకాల్ వెనక్కి దిగి తొట్టి పొంగొచ్చు, పైన కాస్త ఖాళీ వదలాలి.

గ్లైకాల్ అన్నాం కాబట్టి ఒక హెచ్చరిక. కావాల్సింది ఆహార స్థాయి ప్రొపిలీన్ గ్లైకాల్. కారు రేడియేటర్‌లో పోసే ఇథిలీన్ గ్లైకాల్ విషం. 2022లో గాంబియాలో పిల్లల దగ్గుమందుల్లో దొరికినవి ఈ ఇథిలీన్, డైఇథిలీన్ గ్లైకాళ్లే. చుట్టలో సన్నటి రంధ్రం పడితే అది నేరుగా బీరులోకి వస్తుంది. పాళ్లు ఘనపరిమాణంలో 30 నుంచి 35 శాతం చాలు, మైనస్ 13, అంతకన్నా కిందిదాకా గడ్డకట్టదు. తొట్టి మైనస్ 3లో ఉన్నా లోపలి శీతల చుట్ట ఇంకా చల్లగా ఉంటుంది, అందుకే ఆ మాత్రం తేడా ఉంచాలి. సగం సగం కలిపితే ద్రవం చిక్కబడి పంపు మూలుగుతుంది, చలి మోసే శక్తి కూడా తగ్గుతుంది.

చవక దారులు, చివరి పరీక్ష

కిటికీ ఏసీ విప్పి, దాని చల్లటి చుట్టను ఐస్ పెట్టెలోని గ్లైకాల్‌లో ముంచి సొంత చిల్లర్ చేసుకునేవాళ్లు అమెరికాలో చాలామందే ఉన్నారు. చిన్న 5000 బీటీయూ ఏసీ కూడా కాగితం మీద 1465 వాట్లు లాగుతుంది కాబట్టి శక్తికి కొదవ లేదు. చప్పుడు విషయంలో మాత్రం దానంత మొరటుది ఇంకోటి ఉండదు. గ్యారేజీ ఇంటికి దూరంగా విడిగా ఉన్నవాళ్లకే అది. బార్‌లు మూతపడ్డప్పుడు అమ్మే పాత గ్లైకాల్ యూనిట్లు కూడా అంతే. వాటిని చేసింది వెనక గదిలో, సంగీతం మోగుతుండగా నడవడానికి. కంప్రెసర్ లేకుండా, కరెంటు పారితే ఒకవైపు చల్లబడే పలకతో నడిచే పెల్టియర్ చిల్లర్లు తక్కువ చప్పుడు చేస్తాయి కానీ ఉష్ణోగ్రత తేడా పెరిగేకొద్దీ చేతులెత్తేస్తాయి. ఏసీ ఉన్న గదిలో ఒక ఏల్‌కు సరే, కోల్డ్ క్రాష్‌కు పనికిరావు. ఇన్వర్టర్ కంప్రెసర్ ఉన్న ఇంటి చిల్లర్ దొరికితే అదృష్టం, ఆగి మొదలయ్యే దడ అందులో దాదాపు ఉండదు. ఎక్కువ భాగం మోడళ్లు ఇప్పటికీ ఒకే వేగంతో తిరిగేవే.

వాడినది కొంటున్నా, కొత్తది ఎవరింట్లోనైనా చూడబోతున్నా, వీడియో పంపమని అడగండి. అమ్మేవాళ్లు సాధారణంగా ఆడుతున్న మిషన్‌ను పది సెకన్లు చూపిస్తారు. దాంతో ఒప్పుకోవద్దు. కంప్రెసర్ మొదలయ్యేముందు నుంచి మొదలుపెట్టి, ఆగి కదలిక సద్దుమణిగేదాకా ఆపకుండా తీయమనండి. ఫోన్‌ను మిషన్ మీద కాకుండా రెండు మీటర్ల దూరంలో, నేల మీద ఒక గ్లాసు నీళ్ల పక్కన పెట్టమనండి. ఫోన్ మైకులు బొంగురు స్వరాన్ని సరిగా పట్టలేవు, కానీ గ్లాసులో నీళ్లు కదిలితే ఆ కంపనం మీ నేలలోకి కూడా దిగుతుందని కళ్లతోనే తెలుస్తుంది.